ముద్ద పెట్టినవాడి పేరు

జైలుకు వెళ్ళింది కూర్మారావు. ఆ జైలు ఇప్పుడున్నది మాత్రం ఆయన భార్య పైడమ్మ దగ్గర.

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున కూడా ఆమె నిద్ర లేవగానే గది తలుపు పక్కన గోడకు వీపు ఆనించి నిలబడింది. చేతులు రెండూ కిందికి వదిలేసి, తల కొంచెం వంచి. ఎవరో వచ్చి లెక్కపెట్టుకుని వెళ్ళాలి. ఎవరూ రారని ఆమెకు తెలుసు. తెలిసినా కాళ్ళు కదలవు.

బయట వీధంతా కాల్చిన మతాబుల కాగితాలు. నాగావళి వంతెన దాకా కార్లు బారులు తీరి ఉన్నాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన నాయకులు ఆ చిన్న డాబా ఇంటి ముందు దండలు పట్టుకుని నిలబడ్డారు. కూర్మారావు ఎల్లుండి ఢిల్లీలో ప్రధానిగా ప్రమాణం చేస్తాడు.

కూతురు తవిటమ్మ పళ్ళు తోముకుంటూ వచ్చి తల్లిని చూసి ఆగింది.

"ఒకటి," అంది నోట్లో నురగతోనే. "లెక్క సరిపోయింది. ఇంక రా అమ్మా, టీ చల్లారిపోతోంది."

అప్పుడు కదిలింది పైడమ్మ. అమ్మకు నరాల జబ్బని, పొద్దున్నే ఎవరో ఒకరు లెక్కపెడితే గానీ అడుగు వెయ్యలేదని ఆ పిల్లకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఎందుకని మాత్రం తెలియదు.

టీవీ వాళ్ళు వంటింటి గుమ్మం దాకా వచ్చేశారు. "అమ్మా, సారు జైల్లో పడ్డ కష్టాల గురించి రెండు మాటలు," అంటూ మైకు మూతి దగ్గర పెట్టారు.

"నాకేటి తెలుసు బావూ," అంది పైడమ్మ. "నాను బయటే ఉన్నాను కదేటి."

అలా అంటుండగానే తడిసిన సున్నం వాసన ముక్కుకు తగిలింది. అరికాళ్ళు చురుక్కుమన్నాయి. ఎక్కడో గోడ అవతల సముద్రం హోరుమంది. ఆ ఊరికి సముద్రం దగ్గరలో లేదు.

ఆమెకు ఎప్పుడూ ఇదే తికమక. తన తల్లి చనిపోయిన రోజు గుర్తు చేసుకుందామని కూర్చుంటుంది. అమ్మ పాదం పట్టుకుని ఏడ్చినట్టు గుర్తుంటుంది. మరుక్షణం ఊచల అవతల ఒక వార్డరు నిలబడి, "నీ తల్లి పోయిందంట," అని చెప్పి బీడీ వెలిగించుకుంటాడు. ఆ పోయింది అత్తగారు. ఏ ఏడుపు తనదో, ఏది ఆయనదో, ఎంత విడదీద్దామన్నా తడిసిన గోనెసంచి పోగుల్లా ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి.

* * *

కూర్మారావు గోనె మిల్లు కార్మికుల నాయకుడుగా ఉన్న రోజుల్లో ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. విచారణ లేకుండా ఎంతకాలమైనా లోపల పెట్టవచ్చు. మిల్లు గేటు ముందు మాట్లాడుతూ ఉండగానే ఆయన్ను ఎత్తుకుపోయారు. కొన్నేళ్ళ తర్వాత, గడ్డం నెరిసి, ఒళ్ళు సగమై, సముద్రం ఒడ్డున ఉన్న జైలు నుంచి బయటికి వచ్చాడు.

బయటికి వచ్చాడే గానీ ఏం లాభం. తలుపు తెరిచి ఉంటే వణికేవాడు, మూసి ఉంటే గోడ గోకేవాడు. మంచం కింద పడుకునేవాడు. పార్టీ వాళ్ళు పెద్ద సభ పెట్టి దండలేస్తుంటే, వేదిక మీద అందరి ముందూ పంచె తడుపుకున్నాడు. "పాపం మంచోడు. ఇంక పనికిరాడు," అని పెద్దలు పక్కకు వెళ్ళి చెప్పుకున్నారు.

అప్పుడు వచ్చింది డాక్టర్ హైమవతి. విశాఖలో కొండ మీద ఆమె ప్రయోగశాల. ఎలుకల మీద పని చేస్తోంది. కుక్కల మీద చేసింది. మనుషుల మీద చెయ్యడానికి ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.

"జ్ఞాపకం ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది పైడమ్మా," అని చెప్పింది. "కానీ మనం దాన్ని నోటితో చెబుతున్నప్పుడు కాసేపు మెత్తబడుతుంది. తాటిబెల్లం పాకంలాగ. చల్లారేలోపు ఎటు వంచితే అటు జారుతుంది. ఆయన చెప్పాలి. ఇష్టపడి వినేవాళ్ళు ఒకరు పక్కన ఉండాలి. నా యంత్రం వంచుతుంది, అంతే."

"వొంచి పారబోసీలేరేటి?"

"పారబోసి చూశాం. ఆ ఎలుకలు బతకలేదు. ఏదో ఒక తల కావాలి."

పైడమ్మ మంచం కింద నుంచి కనిపిస్తున్న భర్త పాదాలను తలుచుకుంది. "నా తల ఉన్నాది కదా," అంది.

రెండు మంచాలు. ఇద్దరి తలలకూ వలలాంటి టోపీలు. కూర్మారావు వెల్లకిలా పడుకుని, పైకప్పు చూస్తూ చెప్పుకుంటూ పోయాడు. మొదటి రోజు దెబ్బలు. జైలు పెరట్లో ఒక్కొక్కరినే పెట్టే ఇరుకు కొట్లలో చీకటి. శిక్ష పడ్డవాడికి కూడు సగానికి తగ్గించడం. ఆయన ఒక్కో సంగతీ చెప్పి ముగించేసరికి ఆయన నుదుటి మీద ముడత ఒకటి విడిపోయేది. పైడమ్మకు మాత్రం విన్న మాట విన్నట్టు ఉండేది కాదు. కాసేపటికి తనే అక్కడ ఉండేది. తన వీపే గోడకు ఆనేది.

అందులో ఒక చెయ్యి ఉంది.

కొట్టుకూ కొట్టుకూ మధ్య గోడ అడుగున నీళ్ళు పోయే తూము ఒకటి. కడుపు మాడి పడి ఉన్నప్పుడు, ఆ తూములోంచి పక్క కొట్టు ఖైదీ చెయ్యి వచ్చేది. చూపుడువేలు నడిమి కణుపు దగ్గర వంకర. అరచేతిలో అన్నం ముద్ద. తన సగం కూట్లోంచి తీసిన ముద్ద. మొహం ఎప్పుడూ కనిపించలేదు. పేరు అడగకూడదు. ఆ పెరట్లో అదొక కట్టుబాటు. ముద్ద పెట్టినవాడి పేరు నోట రాకూడదు, వార్డరు చెవిన పడితే వాడి కూడు కూడా పోతుంది. తిన్నవాడు బయటికి వెళ్ళే రోజున మాత్రం, పెట్టినవాడు తూముకు నోరు ఆనించి తన పేరు ఒక్కసారి చెబుతాడు. విన్నవాడు ఆ పేరు కడుపులో దాచుకోవాలి. తిరిగి వచ్చి, వాడి ఎదురుగా నిలబడి పిలవాలి. పిలిచి, వెంటబెట్టుకుని పోవాలి.

చివరి రోజు సంగతి దాకా వచ్చాడు కూర్మారావు. "తూముకి సెవి పెట్టినాను. ఆడి ఊపిరి తగిలింది. నువ్వు యావజ్జీవంలో ఉన్నావు కదా, నాను బయటికెల్లి నిన్ను ఇడిపిస్తాను, ఒట్టు, అన్నాను. అప్పుడాడు..."

అక్కడ ఆగిపోయాడు. పెదవులు బిగించి కాసేపు పైకప్పు చూశాడు. అలిసిపోయాడనుకుంది హైమవతి. యంత్రం ఆపేసింది.

టోపీలు తీసేసి, చేతులు కడుక్కుని వచ్చి ఇద్దరికీ ఒకే మాట చెప్పింది. "ఆ రోజుల గురించి మీరిద్దరూ ఇంక మాట్లాడుకోకూడదు. మాటే దారి. వచ్చిన దారినే వెనక్కి పోతుంది. పోతే ఆయన మళ్ళీ మంచం కిందికి పోతాడు."

కూర్మారావు లేచి కూర్చున్నాడు. కిటికీలోంచి సముద్రం చూసి, "గాలి బాగున్నాదే," అన్నాడు. ఎన్నో నెలల తర్వాత నవ్వాడు.

పైడమ్మ మాత్రం తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది, ఎవరైనా వచ్చి లెక్కపెడతారేమోనని.

* * *

తర్వాత పుట్టిన ఆడపిల్లకు కూర్మారావే పేరు పెట్టాడు. తవిటమ్మ. బంధువులంతా ముక్కున వేలేసుకున్నారు. పుట్టినవాళ్ళు పుట్టినట్టు పోతుంటే, తర్వాతి బిడ్డను తవుడుకు మారకం ఇచ్చి తెచ్చుకున్నట్టు ఆ పేరు పెట్టడం ఆ వైపు అలవాటు. వీళ్ళకు అలా పోయిన బిడ్డలు లేరు.

"ఇంత సదువుకున్నోడివి, ఇదేటి పేరు మావా!" అంది పైడమ్మ.

"నాకూ తెలీదే," అన్నాడాయన అయోమయంగా. "ఆ పేరు అంటే కడుపు నిండినట్టుంటాది."

బడిలో తోటిపిల్లలు ఏడిపించారు. పిల్ల ఇంటికి వచ్చి ఏడ్చింది. పేరు మాత్రం మారలేదు.

కూర్మారావు మొదటి ఎన్నిక ఓడిపోయాడు, రెండోదీ ఓడిపోయాడు. "కూర్మం కదా, నెమ్మదిగానే నడుస్తుంది," అని అధికార పక్షం వాళ్ళు ఎగతాళి చేస్తే, ఆయన మనుషులు అదే తాబేలును జెండా మీద వేసుకున్నారు. సొంత పార్టీ చీలింది. పెంచిన మనిషే వెళ్ళి అవతలి పక్షంలో మంత్రి అయ్యాడు. ఒక సభలో రాయి వచ్చి కనుబొమ్మ పగిలితే, రక్తం కండువాతో అదిమి, చెప్పాల్సింది చెప్పి గానీ దిగలేదు. ఇంకోసారి అరెస్టు చెయ్యడానికి వచ్చినప్పుడు, "పదండి, అత్తారింటికి పోయి చాలాకాలమైంది," అంటూ నవ్వుతూ వ్యాను ఎక్కాడు. ఆ నవ్వు ఫోటో దేశమంతా చూసింది. అసలు భయమే లేని మనిషి అన్నారు. ఆ రోజు వీధిలో స్పృహ తప్పి పడిపోయిన భార్య ఏ ఫోటోలోనూ లేదు.

పైడమ్మకు తెలుసు. భయాన్ని గెలవడం వేరు, దాని మొహమే తెలియకపోవడం వేరు. జైలు నుంచి విడుదలైన కార్యకర్తలు ఇంటికి వచ్చి ఏడ్చేవారు. కూర్మారావు భుజం తట్టి, "దాందేముందిరా, గుండె నిబ్బరం ఉండాలి," అనేవాడు. వాళ్ళు తల దించుకుని వెళ్ళిపోయేవారు. పైడమ్మ పెరటి గుమ్మంలో వాళ్ళను ఆపి, అన్నం పెట్టి, ఏమీ అడగకుండా ఎదురుగా కూర్చునేది. వాళ్ళలో ఒకడు, "వొదినా, నీకెలా తెలుస్తాది?" అని అడిగాడొకసారి. ఏం చెబుతుంది?

తను మాత్రం నిండు కంచం తినలేదు. సగం తిన్నాక ఒక ముద్ద చేసి, వంటింటి గోడ అడుగున నీళ్ళు పోయే తూములోకి తోసేది. పక్కింటి రమణమ్మ నవ్వేది. "మీ ఇంటి పందికొక్కులు మీ ఆయనకంటే బాగా తయారైనాయే!" ఎవరి కోసమో ఆ ముద్ద ఎప్పటికప్పుడు తిరిగి ఇవ్వాలనిపించేది. బాకీ తనదే అనిపించేది. ఒట్టు వేసింది తనే అనిపించేది. ఎవరికి? పేరు ఏమిటి? తూముకు చెవి ఆనించినంత వరకు గుర్తుంది, వెచ్చటి ఊపిరి గుర్తుంది. ఆ తర్వాత ఖాళీ. ఎన్ని వందల సార్లు వెళ్ళినా అక్కడ గోడే.

ఆయన్ను అడగవచ్చు. కానీ మాటే దారి.

* * *

ఫలితాల మర్నాడు మధ్యాహ్నం, గదిలో ఎవరూ లేకుండా చూసి కూర్మారావు తలుపు దగ్గరికి వేశాడు.

"ఒక సిక్కు వొచ్చిందే," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ సముద్రపొడ్డు జైలు పడగొట్టీస్తారంట. నానున్న కొట్టు ఒక్కటీ ఉంచి, దాని సుట్టూ స్మారకం కడతారంట. రేపు పొద్దున్నే అక్కడి ఖైదీలందర్నీ లారీల్లో వేరే వేరే జైళ్ళకి పంపించీస్తున్నారు. ఏ కొట్టో సూపించమని కబురెట్టినారు."

"అయితే?"

"అయితే ఏటే! నాకేటి తెలుసు ఏ కొట్టో!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయనకు నవ్వు వచ్చింది. ఆమెకు రాలేదు.

"నువ్వెల్లి సూపించు. ఆయన సెప్పగా ఇన్నానని సెప్పు."

పైడమ్మ తవిటమ్మను వెంటబెట్టుకుని కారెక్కింది. ఇన్నేళ్ళలో ఆ గేటు ముందు నిలబడటం ఇదే మొదలు. ఆ రోజుల్లో ములాఖత్ కూడా ఇవ్వలేదు. అయినా లోపలికి అడుగు పెట్టగానే కాళ్ళకు దారి తెలిసిపోయింది.

"ఇటు కాదమ్మా," అంటున్నాడు జైలరు, బూట్లు టకటకలాడించుకుంటూ వెనక పరిగెడుతూ.

"ఇటే."

పెరట్లోకి వెళ్ళే చోట తలుపు కురచ. పైడమ్మ చూడకుండానే తల వంచింది. వెనకాల జైలరుకు నుదురు టంగుమని తగిలింది. తవిటమ్మకూ తగిలింది.

"నీకెలా తెలుసమ్మా?" అంది కూతురు నుదురు రాసుకుంటూ.

పైడమ్మ నడుస్తూనే ఉంది. వరసలో ఒక కొట్టు ముందు ఆగింది. లోపలికి పోయి కింద కూర్చుంది. తూము అలాగే ఉంది. వేళ్ళు పెట్టి తడిమింది. అంచు అరిగి నున్నగా ఉంది. ఎన్ని చేతులు అరగదీస్తే అంత నునుపు వస్తుంది!

అవతల నుంచి ఏ చెయ్యీ రాలేదు. ఆ కొట్లు వాడటం మానేసి చాలాకాలమైందని, ఇప్పుడు చీపుళ్ళు, బకెట్లు పెడుతున్నారని చెప్పాడు జైలరు.

బయట ఆవరణలో సాయంత్రం లెక్క మొదలైంది. ఖైదీలు వరసగా నిలబడ్డారు, చేతులు కిందికి వదిలేసి, తలలు కొంచెం వంచి. పైడమ్మ కూడా తెలియకుండానే వెళ్ళి ఆ వరస చివర గోడకు ఆనుకుని నిలబడింది. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. కాబోయే ప్రధాని భార్య! జైలరు చేతులు నలుపుకున్నాడు. వార్డరు ఒక్కొక్క పేరే పిలుస్తూ వచ్చాడు.

"తవిటయ్యా!"

"ఉన్నాను బావూ," అంది ఒక ముసలి గొంతు.

తవిటమ్మ ఫక్కున నవ్వింది. "అమ్మోయ్, నా పేరింటి తాత!"

పైడమ్మ తల తిప్పింది. ముందు చూసింది మొహాన్ని కాదు. మొహం ఆమె ఎరగదు. కిందికి వేలాడుతున్న కుడిచేతిని చూసింది. ముడతలు పడి, నరాలు తేలి, చూపుడువేలు నడిమి కణుపు దగ్గర వంకరగా ఉన్న చెయ్యి.

జ్ఞాపకంలో మళ్ళీ ఆ చివరి రోజుకు వెళ్ళింది. తూముకు చెవి ఆనించింది. వెచ్చటి ఊపిరి. ఆ తర్వాత ఎన్నడూ వినపడని చోట, ఇప్పుడూ వినపడలేదు. కానీ బయట, తన ఇంట్లో, ఇన్నేళ్ళుగా రోజూ వినపడుతున్న పిలుపు ఒకటి ఉంది. ఒలే తవిటీ, సెప్పులెక్కడే. తవిటమ్మా, అన్నానికి రావే. ఆ పేరు అంటే కడుపు నిండినట్టుంటాది.

ఈమె దగ్గర చెయ్యి ఉంది, పేరు లేదు. ఆయన దగ్గర పేరు ఉంది, చెయ్యి లేదు. టోపీ పెట్టుకుని అన్నీ చెప్పేసిన మనిషి, పెరటి కట్టు తప్పకూడదని ఆ ఒక్క పేరూ నోట పలకలేదు. పలకనిది ఆయనలోనే ఉండిపోయింది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే కంచాల పక్కన కూర్చుని, మాట్లాడుకోకూడదని ఊరుకున్నారు. ఈ ముసలాడు ఇక్కడ నిలబడి ఉన్నాడు.

ఆమె వెళ్ళి అతని ఎదురుగా నిలబడింది.

"నాను వొచ్చీసినాను," అంది.

ముసలాడు ఎగాదిగా చూశాడు. "నువ్వెవరు తల్లీ?"

"నానే. పక్క కొట్లో... నీ ముద్ద తిన్నాను. నిన్ను ఇడిపిస్తానని ఒట్టు..."

"ఓలమ్మ, ఆ కొట్లో ఉన్నోడు మగోడు కదే!" అని నవ్వాడు ముసలాడు. తర్వాత నవ్వు ఆపి, ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. తను ఆ కొట్లో ఉన్న కూర్మారావు పెళ్ళాన్నని ఆమె చెప్పింది. అరటాకులో అన్నం పెట్టి ఇచ్చే పండగ రోజున అతను బెల్లం ముక్క కూడా తోశాడని చెప్పింది. దగ్గు వచ్చినప్పుడు గోడ మీద కొట్టి పలకరించడం చెప్పింది. ముసలాడు ఒక అడుగు దగ్గరికి వచ్చాడు.

"ఆడికి కూడా ఇదంతా గురుతున్నాదా?"

"నేదు. నాకే గురుతున్నాది."

"అదేటి?"

"నాకూ సరిగ్గా తెలీదు తాతా."

"పెద్ద పదవి వొచ్చిందని రేడియోలో ఇన్నాను. సంతోషం. ఆడికి నా పేరు గురుతున్నాదా? అదొక్కటీ సెప్పు."

పైడమ్మ వెనక్కి చెయ్యి చాపి కూతుర్ని ముందుకు లాగింది. "ఇది ఆడి కూతురు. దీని పేరు తవిటమ్మ. ఆడే పెట్టినాడు."

ముసలాడు ఆ పిల్లకేసి చూశాడు. వంకర వేలితో ఆమె బుగ్గ ముట్టుకోబోయి, వార్డరు వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రేపు పొద్దున్నే లారీ ఎక్కిస్తారంట," అన్నాడు. "ఎక్కడికో సెప్పనేదు. ఆడు వొచ్చి పిలిస్తే... ఇక్కడుండగానే పిలిస్తే బాగుండును. మరింక ఆడికి నానెక్కడ దొరుకుతాను?"

* * *

కార్లో కూర్చుని పైడమ్మ హైమవతికి ఫోన్ చేసింది.

"మాటాడితే ఏటవుద్ది డాక్టరమ్మా?"

"నిజం చెప్పాలంటే నాకు తెలియదు పైడమ్మా. ఇంతకాలం ఎవరూ మోయలేదు. తిరిగి పోవచ్చు. సగమే పోవచ్చు. మీవి కూడా కొన్ని కలిసి పోవచ్చు. అసలు ఏమీ కాకపోవచ్చు. కనీసం ప్రమాణం అయ్యేదాకా ఆగండి. దేశం ఆ మనిషి మీద ఆశలు పెట్టుకుంది."

"నీకే తెలీకపోతే నాకేటి తెలుస్తాది," అని ఫోన్ పెట్టేసింది పైడమ్మ.

పక్కన కూర్చున్న తవిటమ్మ తల్లి చెయ్యి పట్టుకుంది. దారిలో అంతా చెప్పింది పైడమ్మ. నమ్మాలో వద్దో తెలియక ఆ పిల్ల అలా వింటూ ఉండిపోయింది. చివరికి, "అయితే నేను పొద్దున్నే లెక్కపెడుతున్నది నాన్ననా, నిన్నా?" అంది.

ఇంటికి చేరేసరికి కూర్మారావు వరండాలో కూర్చుని దండలు లెక్కచెయ్యకుండా పక్కకు తోస్తున్నాడు. అందరినీ పంపించేసి, కంచంలో అన్నం పెట్టుకుని వచ్చి ఆయన ఎదురుగా కింద కూర్చుంది పైడమ్మ.

"నీకు ఒక సంగతి సెప్పాల. సెప్పకూడదని డాక్టరమ్మ అన్న సంగతి."

"సెప్పు. భయమేటి?" అని నవ్వాడు. అదే నవ్వు. వ్యాను ఎక్కినప్పటి నవ్వు.

"నువ్వు మళ్ళీ అలాగైపోతావేమోనని."

"ఎలాగ?"

ఎలాగో ఆయనకు తెలియదు. ఈ నవ్వు కోసమే కదా ఇంతకాలం గోడకు ఆనుకుని నిలబడింది! ఇప్పుడు తన చేత్తోనే దీన్ని తుడిచెయ్యాలా? పోనీ ఊరుకుంటే? రేపు పొద్దున లారీ. ఎక్కడికో.

అన్నం ముద్ద చేసింది. కంచం అవతలికి, ఆయన మోకాలి దగ్గరికి, నేల మీద నుంచే తోసింది. తూములోంచి వచ్చినట్టు.

"ఇలాగొచ్చేది సెయ్యి," అంది.

చెప్పడం మొదలుపెట్టింది. యంత్రం లేదు, టోపీలు లేవు. వంటింట్లో ఉప్పు తక్కువైందని చెప్పే గొంతుతోనే చెప్పింది. చీకటి, దెబ్బలు, గోడ మీద చప్పుడు, వంకర వేలు. కూర్మారావు మొదట నవ్వుతూ విన్నాడు. తర్వాత నవ్వు మొహం మీద ఉండిపోయింది గానీ అందులో మనిషి లేడు.

"సివరి రోజు తూముకి సెవి ఆనించినావు. ఆడి ఊపిరి తగిలింది. అక్కణ్ణుంచి నాకు తెలీదు. నువ్వు సెప్పనేదు."

ఆయన చెయ్యి ముద్ద మీదికి పోయింది.

"తవిటయ్య," అన్నాడు కూర్మారావు.

అన్నాక తన నోరు తనే చేత్తో మూసుకున్నాడు, ఎవరైనా విన్నారేమోనని. తెరిచి ఉన్న వీధి తలుపుకేసి చూశాడు.

"తలుపెయ్యి పైడీ," అన్నాడు. "తలుపెయ్యి... ఒద్దు, ఒద్దు, తియ్యి."

ఆమె వెళ్ళి తలుపు సగం వేసి, సగం తీసి, దానికి అడ్డంగా తనే కూర్చుంది.

* * *

పొద్దున జైలు ఆవరణలో లారీల ఇంజన్లు మొదలయ్యాయి. గేటు బయట టీవీ వాళ్ళు, పోలీసులు, పార్టీ వాళ్ళు. విమానాశ్రయానికి పోవాల్సిన కార్లు ఇటెందుకు తిరిగాయో ఎవరికీ అర్థం కాలేదు.

కూర్మారావు కారు దిగాడు. గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. రెండు అడుగులు వెనక్కి వేశాడు. కెమెరాలన్నీ అటు తిరిగాయి. భయం తెలియని మనిషి భయపడుతున్నాడని మొదటిసారి దేశం చూస్తోంది. పార్టీ పెద్ద ఒకాయన పక్కకు వచ్చి, "సార్, టీవీలో లైవ్ వస్తోంది, ముందు కారెక్కండి," అని గొణిగాడు.

కూర్మారావు వినిపించుకోలేదు. భార్య కొంగు చివర గుప్పిట్లో బిగించి, "నువ్వు ముందు నడు," అన్నాడు. ఆమె నడిచింది. కురచ తలుపు దగ్గర, ఆమె చెప్పకుండానే, ఆయన తల వంచాడు.

లారీ ఎక్కబోతున్న ముసలాడు ఆగాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసినవాళ్ళు కాదు.

"తవిటయ్యా," అన్నాడు కూర్మారావు. గట్టిగా అందామనుకున్నాడు గానీ గుసగుసే వచ్చింది.

ముసలాడు కళ్ళు చికిలించి చూశాడు. "నువ్వు ఆడివో కాదో నాకెలా తెలుస్తాది? ఈ అమ్మ కూడా ‘నానే’ అంది. మొహాలు నాను ఎరగను. సెయ్యి సూపించు."

కూర్మారావు అక్కడే నేల మీద కూర్చున్నాడు. చెయ్యి చాపాడు. తూము ముందు చాపినట్టే, అరచెయ్యి పైకి పెట్టి నేలకు ఆనించాడు. "నువ్వు బయటికొచ్చేదాకా నాను ఇక్కణ్ణుంచి లెగను," అన్నాడు. జైలరు ఎవరికో ఫోన్ చెయ్యడానికి పరిగెత్తాడు. లారీ ఇంజన్ ఆగిపోయింది.

పొద్దుటి గంజి కోసం ఖైదీలకు ఇచ్చిన పళ్ళెం ముసలాడి చేతిలోనే ఉంది. అందులో అడుగున గట్టిగా మిగిలిన అన్నం. వంకర వేలితో దాన్ని దగ్గరికి తీశాడు. సగం తను ఉంచుకుని, సగం ముద్ద చేశాడు. కిందికి వంగాడు.

గోడకు ఆనుకుని నిలబడి చూస్తున్న పైడమ్మ కుడి అరచేతిలో వెచ్చగా, మెత్తగా ఏదో తగిలింది. ఆమె గుప్పిట మూసింది. తెరిచి చూద్దామనుకుంది. తెరిస్తే ఖాళీగా ఉంటుందేమో, ఉండదేమో.

"రెండు," అంటోంది పక్కన తవిటమ్మ, నెమ్మదిగా, తల్లినీ తండ్రినీ చూస్తూ. తర్వాత ముసలాడి వైపు తిరిగింది. "మూడు."

పైడమ్మ గుప్పిట తెరవలేదు.